స్టేజ్-5 ఎక్స్‌కవేటర్ కొన్నారా? డీజిల్, ఆయిల్ విషయంలో ఇలా చేయండి

చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో మెషిన్లు రిపేర్ చేస్తుంటాను. 2025 జనవరి 1 నుంచి తయారయ్యే చక్రాల కన్‌స్ట్రక్షన్ మెషిన్లకు పొగ కాలుష్యం తగ్గించే స్టేజ్-5 నిబంధన వచ్చాక, చాలా ఇంజన్లకు మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ తోడైంది. దాన్ని కాపాడుకోవడమే అసలు పని.

డీజిల్ బంకు నుంచే తెప్పించండి, బిల్లు దాచుకోండి. 2020 ఏప్రిల్ నుంచి బంకుల్లో అమ్మే బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో 10) మించకూడదు. చవగ్గా వస్తుందని కల్తీ సరుకు పోస్తే ఫిల్టర్, ఇంజెక్టర్లు రెండూ పోతాయి.

ఇంజన్ ఆయిల్ దగ్గరే ఎక్కువమంది పొదుపు చూస్తారు. మాన్యువల్‌లో చెప్పిన లో-యాష్ (తక్కువ బూడిద వదిలే) గ్రేడే వాడండి. ఫిల్టర్‌లో మసి వేడికి కాలిపోతుంది గానీ, ఆయిల్ వదిలే బూడిద కాలదు. అది పేరుకుంటూనే ఉంటుంది.

రీజనరేషన్ (ఫిల్టర్‌లోని మసిని వేడితో కాల్చేయడం) లైటు వెలిగితే ఎండుగడ్డికి, డీజిల్ డ్రమ్ములకు దూరంగా బండి ఆపి, పూర్తయ్యేదాకా ఇంజన్ ఆపకండి. మాటిమాటికీ క్యాన్సిల్ కొట్టొద్దు.

డీఈఎఫ్ (పొగలో విషవాయువులు తగ్గించే యూరియా ద్రవం) ట్యాంకు ఉంటే సీల్ ఉన్న డబ్బాదే పోయండి. అందులో 32.5 శాతం శుద్ధ యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీళ్లు. పొలం యూరియా కలిపి పోయడం ఘోరం.

ఫిల్టర్ పీకేసి పైపు పెడతామనే వాళ్లకు ఒప్పుకోకండి. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లోనే తేల్చింది. గుంతలో రోజంతా దాన్ని పీల్చేది మీ ఆపరేటరే.