లండన్‌లో పాత రికార్డులు చదవబోయే మన పరిశోధక విద్యార్థులకు

చరిత్రలో పీహెచ్‌డీ చేయడానికి ఈ ఏడు లండన్ చేరిన మన పిల్లలకు అద్దె గది, బ్యాంకు ఖాతా, సోనా మసూరి దొరికే కొట్టు గురించి నేను చెప్పనక్కరలేదు. ముందు వచ్చినవాళ్లు వారం తిరిగేలోగా అవన్నీ చూపించేస్తారు. ఈస్టిండియా కంపెనీ, ఇండియా ఆఫీసుల పాత రికార్డులున్న బ్రిటిష్ లైబ్రరీలో రీడర్ పాస్, అంటే పఠన మందిరంలోకి వెళ్లనిచ్చే కార్డు, ఉచితంగానే ఇస్తారు. నా బెంగంతా ఆ పాస్ చేతికొచ్చిన తరువాతి సంగతి గురించే.

1833 నాటి గుంటూరు డొక్కల కరువు మీద పరిశోధిస్తున్న ఒక తమ్ముడు మొన్న తన ల్యాప్‌టాప్ తెరిచి చూపించాడు. అందులో వేలకొద్దీ ఫోటోలున్నాయి గానీ, ఏ ఫోటో ఏ సంపుటంలోనిదో, ఎన్నో పత్రమో తెలిపే గుర్తు ఒక్కటీ లేదు. కలెక్టరు కచేరీ నుంచి మద్రాసుకు వెళ్లిన ఒక ముఖ్యమైన లేఖ కళ్లెదుటే ఉన్నా, దానికి పాదసూచిక ఇవ్వలేక అధ్యాయం మధ్యలో ఆగిపోయాడు.

ఈస్టిండియా కంపెనీ పుట్టిన 1600 నుంచి, దాని తరువాత లండన్ నుంచి భారత పాలన చూసిన ఇండియా ఆఫీసు మూతపడిన 1947 వరకు పోగైన ఈ రికార్డులను అరల వెంబడి కొలిస్తే దాదాపు 14 కిలోమీటర్లు. ఇంటికెళ్లి తీరిగ్గా సర్దుకుందామనుకుంటే అంత కాగితంలో ఒక లేఖ మళ్లీ దొరుకుతుందా, చెప్పండి? కాబట్టి సంపుటం తెరవగానే ముందు దాని అట్ట మీది షెల్ఫ్‌మార్కును, అంటే లైబ్రరీ ఆ సంపుటానికిచ్చిన గుర్తును, ఫోటో తీయండి. తరువాత ఒక చీటీ మీద అదే షెల్ఫ్‌మార్కు, పత్రం కుడి పైమూలన పెన్సిల్‌తో వేసిన ఫోలియో (ఆకు) సంఖ్య, అది ముందు వైపా వెనుక వైపా అన్నది రాసి, చీటీని పుస్తకం పక్కన ఉంచి, రెండూ ఒకే ఫోటోలో పడేలా తీయండి. పెన్ను లోపలికి తేనివ్వరు గనుక పెన్సిళ్లు రెండు మూడు దగ్గరుంచుకోండి. ఏ రోజు ఫోటోలకు ఆ రోజు రాత్రే పేర్లు మార్చండి, రేపటికి వాయిదా వేయకండి.

మద్రాసు రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్, అంటే శిస్తు వ్యవహారాలు చూసిన ఆ బోర్డు రోజువారీ కార్యకలాపాల సంపుటాలు, చదివేవారు ఆ కార్యకలాపాల తేదీని, లేఖ వరుస సంఖ్యను కూడా తప్పకుండా రాసుకోవాలి. లండన్‌కు పంపినవి ప్రతులు. మాతృకలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. రెండు చోట్లా సంపుటాల సంఖ్యలు వేరైనా తేదీ, వరుస సంఖ్య ఒక్కటే కనుక, ఒక చోట పాడైన పుటను మరో చోట చూసుకునే వీలుంటుంది. ఊళ్ల పేర్లను మాత్రం ఆనాటి దొరలు రాసిన తీరులోనే, అంటే మసులిపటం, కొకనాడ, వైజగపటం అనే వెతకాలి.

నేను చేరిన విభాగంలో ఇవేవీ ఎవరూ చెప్పలేదు. సిద్ధాంతాల మీద వారాల తరబడి తరగతులు నడిపి, ఒక పత్రాన్ని ఎలా పేర్కొనాలన్నది మాకు పుట్టుకతోనే తెలుసన్నట్టు వదిలేశారు. నాలుగింటికే చీకటి పడే ఆ డిసెంబరులో, ఎవరిని అడిగితే ఏమనుకుంటారోనన్న బెరుకుతో పఠన మందిరంలో ఒక్కడినే కూర్చున్న రోజులు తలచుకుంటే ఇప్పటికీ బాధే. అందుకే ఇంత విసుగొచ్చేలా చెబుతున్నాను. కేటలాగు ఎప్పుడైనా ఉంటుందిలే అని కొందరంటారు. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగి ఆ లైబ్రరీ ఆన్‌లైన్ కేటలాగు నెలల తరబడి మూతపడినప్పుడు, తమ నోట్సులో షెల్ఫ్‌మార్కులున్నవాళ్లు రాసుకుంటూ పోయారు, లేనివాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

ఇప్పటికే గుర్తులు లేకుండా ఫోటోలు తీసేసినవారు మరీ కుంగిపోనక్కరలేదు. ప్రొసీడింగ్స్‌లో ప్రతి రోజు కార్యకలాపాలకూ మొదట తేదీ ఉంటుంది కనుక, ఫోటోల వరుసలో వెనక్కి వెళ్తే తేదీ దొరుకుతుంది, తేదీని బట్టి సంపుటాన్నీ పట్టుకోవచ్చు. మా తమ్ముడివి అలా సగం తేలాయి, మిగిలినవీ తేలుతాయనే అనుకుంటున్నాను. ఆ గుమాస్తాల చేతిరాత మొదట్లో రోజుకు నాలుగు పుటలు కూడా సాగనివ్వదు గానీ, రెండో టర్ముకల్లా కంటికి అలవాటవుతుంది. అప్పటికీ ఒక మాట అంతుపట్టకపోతే, పుస్తకం పట్టుకుని కౌంటరు దగ్గరికి వెళ్లి అడగండి. అక్కడి సిబ్బంది ఓపికగానే చెబుతారు.