బరోక్ పాట వినడం – 4వ పాఠం: లెక్క ఎడమచేతిలో ఉంది

పోయిన పాఠంలో ఇచ్చిన పని చిన్నదే. బరోక్ కాలపు (సుమారు 1600–1750) ఇంగ్లిష్ స్వరకర్త హెన్రీ పర్సెల్ 1692లో 'ఈడిపస్' నాటకం కోసం కట్టిన 'మ్యూజిక్ ఫర్ ఎ వైల్' పాటలో గ్రౌండ్ బాస్, అంటే పాట పొడవునా మళ్లీ మళ్లీ తిరిగే మంద్ర స్వరాల చుట్టు, ఎక్కడెక్కడ మళ్లీ మొదలవుతుందో గుర్తు పెట్టమన్నాను. జవాబులు చూస్తే అందరూ విన్నది ఒకే పాటేనా అనిపించింది. ఈసారి చెప్పాల్సిన అలంకారాలను పక్కనపెట్టి అదే పాట మళ్లీ విందాం.

ఎక్కువమంది లెక్క తప్పింది హార్ప్సికార్డ్ (తీగలను మీటి మోగించే, పియానోలాంటి మెట్ల వాయిద్యం) కుడిచేతి దగ్గర. ఆ స్వరాలు పర్సెల్ రాసినవి కావు. ఆయన రాసింది రెండు వరుసలే: గొంతుకు ఒకటి, మంద్రంలో బాస్‌కు ఒకటి. కుడిచేతితో ఏం వాయించాలో వాయిద్యకారుడే అప్పటికప్పుడు అల్లుకోవాలి. ఆ కాలపు పద్ధతి అది. నేటి ప్రతుల్లో అచ్చయిన కుడిచేతి భాగం సంపాదకుల పని. బెంజమిన్ బ్రిటన్ 20వ శతాబ్దంలో రాసినది ఒక తీరు, మైకేల్ టిప్పెట్, వాల్టర్ బెర్గ్‌మన్ కలిసి సిద్ధం చేసినది మరో తీరు. మీరు విన్న రికార్డింగులో మూడో తీరు ఉండవచ్చు. ఒక పాఠకుడు ఆ కుడిచేతి మెలికలను మెచ్చుకుంటూ పేజీ నిండా రాశారు. మెచ్చుకోండి, కానీ పర్సెల్ ఖాతాలో వేయకండి. నాకైతే కుడిచేయి పొదుపుగా ఉండి, తీగ మీటిన ఆ పొడి శబ్దం వినిపించే ప్రదర్శనలే ఇష్టం.

కాబట్టి బాస్ వాయించే ఎడమచేతినే పట్టుకోండి. అందులో ఒక్కో చుట్టు మూడు బార్లు (బార్ అంటే నాలుగు లెక్కల గడి), అంటే 12 లెక్కలు. బాస్ నేరుగా ఎక్కదు. పైకో అంగ, కిందికో అంగ వేస్తూ మధ్యలో అరస్వరాలు తాకుతూ పైకి జరుగుతుంది. మొదటి చుట్టు గొంతు లేకుండానే సాగుతుంది, అప్పుడే దాన్ని కంఠస్థం చేసేయాలి. తరువాత గొంతు తన దారిన వాక్యాలను చుట్టు దాటించి పాడుతుంది. కచేరీలో పల్లవి ఎత్తుగడ సమం మీదే పడాలని మీరెవరూ అనుకోరు కదా, ఇక్కడెందుకు అనుకున్నారు?

ఇంకో చిక్కు మధ్యభాగంలో ఉంది. ఎ మైనర్ కీలో (కీ అంటే పాట ఆధారపడే స్వరవరుస) మొదలైన చుట్టు అదే ఆకారంతో ఇ మైనర్‌కు, జి మేజర్‌కు, సి మేజర్‌కు జరుగుతుంది. స్వరాలు మారాయని బాస్ ఆగిపోయిందనుకోకండి. మీ దగ్గరున్న అచ్చు ప్రతి సి మైనర్‌లో ఉంటే అన్నిటినీ అదే దూరం జరపండి.

మాటల సంగతి క్లుప్తంగా. బాధలు అనే మాట మీద గొంతు బాస్‌తో ఒరుసుకుంటుంది, ఊరట అనే మాట దగ్గర మెట్టుమెట్టుగా దిగుతుంది. గ్రీకు పురాణాల్లో ప్రతీకార దేవత అయిన అలెక్టో తల నుంచి పాములు రాలే చోట "డ్రాప్" అనే మాట పొట్టి స్వరాలుగా, నడుమ ఖాళీలతో రాలుతుంది. "ఎటర్నల్" మాత్రం ఒక్క అక్షరం మీదే సాగుతూ పోతుంది.

అభ్యాసం: మొదటిసారి ప్రతి చుట్టు మొదట్లో మోకాలి మీద ఒక్క దెబ్బ వేయండి, అంతే. రెండోసారి 12 లెక్కలూ మనసులో వేస్తూ, గొంతు వాక్యం ముగిసిన ప్రతిచోటా ఎన్నో లెక్కలో ఉన్నారో కాగితం మీద రాయండి. మూడోసారి బాస్‌ను కూనిరాగంగా తీస్తూ అదే చేయండి. వరుసగా రెండుసార్లు ఒకే అంకెలు వచ్చాకే పంపండి.