పాత కంప్యూటర్ ఆన్ కావడం లేదా? మూత తీసే ముందు ఇవి చూసుకోండి

ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న కంప్యూటర్‌ను బయటికి తీసి, ప్లగ్గు పెట్టి, బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. అప్పుడు చాలామంది మళ్లీ మళ్లీ నొక్కుతూనే ఉంటారు. దయచేసి అలా చేయకండి. లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే, నొక్కిన ప్రతిసారీ ఇంకో భాగం పోయే ప్రమాదం ఉంది. ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటును మార్చి ఇచ్చే డబ్బా) పోతే ఇంకొకటి దొరుకుతుంది, మదర్‌బోర్డు (అన్ని భాగాలూ తగిలించే ప్రధాన బోర్డు) పోయినా వెతికితే దొరుకుతుంది. హార్డ్ డిస్క్‌లో ఉన్న ఫొటోలు, ఉత్తరాలు మాత్రం ఎక్కడా దొరకవు. అందుకే ముందు మన ఒళ్లు, తర్వాత డేటా, ఆ తర్వాతే కంప్యూటర్.

మూత తీయకుండానే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. అదే సాకెట్‌లో ఇంకో పరికరం పనిచేస్తోందా? పవర్ కార్డు మార్చి చూశారా? ఎస్ఎంపీఎస్ వెనక ఉండే చిన్న స్విచ్ ఆన్‌లో ఉందా? పాతవాటికి దాని పక్కనే 115, 230 అని రాసిన ఎర్ర స్విచ్ కూడా ఉంటుంది. 230 వోల్టుల సరఫరా ఉన్నచోట అది 115 మీద ఉండగా ప్లగ్గు పెడితే లోపలి కెపాసిటర్లు (చార్జ్ నిలవ ఉంచే భాగాలు) పేలిపోవచ్చు. కాబట్టి కరెంటు ఇవ్వకముందే దాన్ని చూడండి. కంప్యూటర్ తేమలోనో చలిలోనో ఉండి వచ్చిందనుకుంటే ఒక రోజు పొడి గదిలో వదిలేయండి. కాలిన వాసన వస్తే, ఎలుకలు వైర్లు కొరికిన గుర్తులు ఉంటే ఇక ప్లగ్గు జోలికే పోవద్దు.

మూత తీసేటప్పుడు ప్లగ్గు పూర్తిగా పీకేయాలి. కంప్యూటర్ ఆపేసినా ప్లగ్గు ఉన్నంతసేపూ ఏటీఎక్స్ రకం (1995లో వచ్చిన అమరిక) మదర్‌బోర్డులో 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు పారుతూనే ఉంటుంది. అది ఉండగా ర్యామ్ లాగితే ర్యామ్, బోర్డు రెండూ పోవచ్చు. ప్లగ్గు పీకాక పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకోండి, బోర్డు మీద లైటు వెలుగుతుంటే అది ఆరేదాకా ఆగండి. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. లోపల చెయ్యి పెట్టే ముందు క్యాబినెట్‌లో రంగు లేని ఇనుప భాగాన్ని ఒకసారి తాకితే ఒంటి మీది స్టాటిక్ (స్థిర విద్యుత్తు) పోతుంది.

1995లో ఏటీఎక్స్ రాకముందు తయారైన ఏటీ రకం కంప్యూటర్లతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాటిలో ముందువైపు స్విచ్ దాకా వచ్చే లావుపాటి వైరులో నేరుగా మెయిన్స్ కరెంటే ఉంటుంది.

ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎప్పుడూ విప్పకండి. 230 వోల్టుల సరఫరా అందులోకి వెళ్లి సుమారు 325 వోల్టుల డీసీగా మారి పెద్ద కెపాసిటర్లలో నిలుస్తుంది. ప్లగ్గు పీకాక ఆ చార్జ్ దానంతటదే దిగిపోవాలి కానీ, పాతబడిన యూనిట్లో దిగుతుందన్న భరోసా లేదు. పాత డబ్బా మానిటర్ లోపల వేల వోల్టులు ఉంటాయి, దాన్నీ విప్పొద్దు.

ఇక హార్డ్ డిస్క్. ఏ పరీక్షకైనా ముందు దాని రెండు కేబుళ్లూ తీసేయండి. వీలైతే డిస్క్‌నే బయటికి తీసి, సొంత పవర్ ఉన్న యూఎస్‌బీ అడాప్టర్‌తో ఇంకో కంప్యూటర్‌కు పెట్టి ఫైళ్లు కాపీ చేసుకోండి. టక్ టక్‌మని శబ్దం వస్తే వెంటనే ఆపేయండి.

ఏటీఎక్స్ రకం ఎస్ఎంపీఎస్‌ను విప్పకుండానే పరీక్షించవచ్చు. ప్లగ్గు పీకి, దాని కనెక్టర్లన్నీ బోర్డు నుంచి ఊడదీయండి. పెద్ద కనెక్టర్లోని ఆకుపచ్చ వైరును ఏదైనా నల్ల వైరుతో క్లిప్పుతో కలిపి, ఆ తర్వాతే ప్లగ్గు పెట్టండి. ఫ్యాను తిరిగినంత మాత్రాన బాగున్నట్టు కాదు. మల్టీమీటర్‌తో (వోల్టులు కొలిచే మీటరుతో) చూస్తే పసుపు వైరులో 11.4 నుంచి 12.6, ఎరుపులో 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. ఊదా వైరులో మాత్రం ఆకుపచ్చ, నల్ల వైర్లు కలపకపోయినా, ప్లగ్గు పెట్టి ఉంటే చాలు, 5 వోల్టులు రావాలి. కొన్ని బ్రాండెడ్ పాత కంప్యూటర్లలో కనెక్టర్ అలాగే కనిపించినా వైర్ల వరుస వేరుగా ఉంటుంది. వాటిలో ఈ పరీక్ష చేయకండి, మామూలు ఎస్ఎంపీఎస్ తగిలించనూ వద్దు, బోర్డు కాలిపోవచ్చు.

సరఫరా బాగుండి కూడా కంప్యూటర్ ఆన్ కాకపోతే బోర్డు మీది కెపాసిటర్ల పైభాగం చూడండి. ఉబ్బినా, గోధుమరంగు ద్రవం కారినా లోపం అక్కడే ఉండొచ్చు. 2000 తర్వాతి కొన్నేళ్లలో వచ్చిన బోర్డుల్లో ఇది బాగా కనిపిస్తుంది. వాటిని మార్చడం సోల్డరింగ్ బాగా వచ్చినవాళ్ల పని.

ప్లగ్గు పీకి, క్లిప్పు తీసేసి, కనెక్టర్లు బోర్డుకు తిరిగి పెట్టి మళ్లీ ఆన్ చేసేటప్పుడు ప్రాసెసర్, ఒక్క ర్యామ్, తెరకు వేరే గ్రాఫిక్స్ కార్డు ఉంటే అదీ మాత్రమే ఉంచండి. ప్రాసెసర్ ఫ్యాను తిరగకపోతే వెంటనే ఆపండి. ఆ కాలపు కొన్ని ప్రాసెసర్లు వేడెక్కినా తమంతట తాము ఆగవు, క్షణాల్లో కాలిపోతాయి. తెర మీద బొమ్మ వచ్చి కాసేపు నిలకడగా నడిస్తే, ఆపేసి ప్లగ్గు పీకి, అప్పుడు డిస్క్ తగిలించండి. తేదీ తప్పుగా చూపిస్తే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మార్చాలి. తీసిన పాత బిళ్లను బల్ల మీద వదిలేయకండి. చిన్నపిల్లలు మింగితే గొంతు లోపల కాలి ప్రాణం మీదికి వస్తుంది.