పాత కారు, సొంత చెయ్యి – 4వ పాఠం: బేరింగ్ నంబరు చదవడం

పోయిన పాఠంలో విశాఖ రుషికొండ దాటాక ఖాళీ రోడ్డు మీద బండి నడిపి, ఎడమకి తిప్పినప్పుడు గూంయ్‌మనే బేరింగ్ చప్పుడు పెరిగితే కుడి చక్రాన్ని, కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమ చక్రాన్ని అనుమానించాలి అనుకున్నాం కదా, మలుపులో బరువంతా అవతలి పక్కకి పోతుంది కాబట్టి. ఏ చక్రమో తేలింది, హబ్బు (చక్రం మధ్యలో బేరింగ్ కూర్చునే భాగం) విప్పారు. ఇక కొత్త బేరింగ్ కొనాలి.

మొదటిసారి నేనేం చేశానంటే, గాజువాక ఆటోనగర్ వెళ్ళి కారు పేరు, మోడల్ సంవత్సరం చెప్పి "వెనక చక్రం బేరింగ్ ఇవ్వండి" అన్నాను. "పాతది తెచ్చారేటండీ?" అని అడిగాడు కౌంటర్‌లో ఆయన. తేలేదు. నేను చెప్పిన దాన్ని బట్టి ఒకటి ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే స్పిండిల్‌కి, అంటే చక్రం తిరిగే ఇరుసుకి, చక్కగా ఎక్కింది, హబ్బులో మాత్రం లొడలొడ. మళ్ళీ మద్దిలపాలెం నుంచి గాజువాక, మధ్యలో ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్. తప్పు ఆయనది కాదు, నాదే. ఇరవై ముప్ఫై ఏళ్ళ బండికి మధ్యలో ఎవరు ఏ హబ్బు మార్చారో, ఎవరు లేత్ మీద ఏం తిప్పించారో ఎవరికి తెలుసు? అందుకే కారు పేరు పక్కన పెట్టి, పాత బేరింగ్ మీదున్న నంబరు పట్టుకోండి.

పాతదాన్ని కాసేపు డీజిల్‌లో నానబెట్టి బ్రష్‌తో కడిగితే రేసు (గోళీలు దొర్లే ఉక్కు రింగు) పక్క అంచు మీద చెక్కిన అంకెలు కనిపిస్తాయి. ఉదాహరణకి 6205. మొదటి 6 అంటే ఒకే వరుస గోళీలున్న మామూలు బాల్ బేరింగ్. చివరి రెండంకెలు, అంటే 05ని 5తో గుణిస్తే 25, అదే లోపలి రంధ్రం, మిల్లీమీటర్లలో. ఈ లెక్క 04 నుంచే పనిచేస్తుంది. 00 అంటే 10, 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17, ఇవి నాలుగూ గుర్తుపెట్టుకోవాల్సిందే. అసలు చిక్కు రెండో అంకెలో ఉంది. 6005, 6205, 6305 మూడింటికీ రంధ్రం 25 మిల్లీమీటర్లే, కానీ బయటి సైజు వరుసగా 47, 52, 62, మందం 12, 15, 17. నాకు కావలసింది 6205, తెచ్చుకున్నది 6005. లొడలొడ ఆ 5 మిల్లీమీటర్లదే.

నంబరు తర్వాత అక్షరాలుంటాయి. జెడ్‌జెడ్ అంటే రెండు పక్కలా రేకు మూత, 2ఆర్‌ఎస్ అంటే రెండు పక్కలా రబ్బరు సీలు. ఆ రబ్బరు సీలునే ఎన్‌టీఎన్ వాళ్ళు ఎల్‌ఎల్‌యూ అని, ఎన్‌ఎస్‌కే వాళ్ళు డీడీయూ అని రాస్తారు, కంగారు పడకండి. సీ3 అంటే లోపల గోళీలకి కాస్త ఎక్కువ ఖాళీ. పాతదాని మీద ఉంటే కొత్తదాని మీదా ఉండాలి, లేకపోతే అక్కర్లేదు. అంకెలు మాత్రం ఏ కంపెనీకైనా ఒకటే, కాబట్టి జైపూర్ ఎన్‌బీసీ తీసి ఎస్‌కేఎఫ్ వేసినా సైజు మారదు.

ముందు చక్రాల్లో, ముఖ్యంగా వెనక చక్రాలతో నడిచే పాత బళ్ళలో, టేపర్ రోలర్ బేరింగులు (గోళీల బదులు ఒక చివర సన్నగా ఉండే రోలర్లున్నవి) ఎక్కువ. ఒక్కో హబ్బులో రెండు: లోపలి పక్క పెద్దది, బయటి పక్క చిన్నది. 30205 లాంటి మెట్రిక్ నంబరైతే పై లెక్కే, రంధ్రం 25. ఎల్‌ఎం11949 లాంటిదైతే అది అంగుళాల కొలత, గుణకారం పనిచేయదు. దాని రంధ్రం 19.05 మిల్లీమీటర్లు, అంటే ముప్పావు అంగుళం. పైగా ఆ నంబరు కోనుది, అంటే రోలర్లున్న లోపలి భాగానిది మాత్రమే. హబ్బులో బిగిసి ఉండే బయటి రింగుని కప్పు అంటారు, దాని నంబరు వేరు, ఎల్‌ఎం11910. రెండూ రాసుకోండి, రెండూ మార్చండి. హబ్బులోంచి కప్పు కొట్టి తీయడానికి బద్ధకించి కొత్త కోనుని పాత కప్పులో కూర్చోబెట్టేవాళ్ళని చూశాను, నేనూ ఒకసారి ఆ పని చేశాను. రెండు నెలల్లో చప్పుడు మళ్ళీ మొదలైంది. ఆయిల్ సీల్ కూడా కొత్తది తీసుకోండి, దాని సైజు దాని మీదే ఉంటుంది.

మన విశాఖ ఉప్పుగాలికి ఒక్కోసారి నంబరు తుప్పులో కలిసిపోతుంది. అప్పుడు వెర్నియర్ కాలిపర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) తీయండి. తుప్పు గీకి రంధ్రం, బయటి సైజు, మందం మూడూ రెండు మూడు చోట్ల కొలవండి. అదే చేత్తో హబ్బులో బేరింగ్ కూర్చునే గూడు, స్పిండిల్ కూడా కొలిచేయండి. బయటి రేసు హబ్బులో బిగుతుగా కూర్చోవాల్సిన చోట చేత్తో జారిపోతుంటే గూడు అరిగినట్టే, ఎంత మంచి బేరింగ్ తెచ్చినా దండగ. గూట్లో పంచ్‌తో చుక్కలు కొట్టి బిగించే మెకానిక్‌లున్నారు, నేనైతే ఒప్పుకోను. ఇంకో హబ్బు వెతుక్కోవడమే నయం.

వచ్చే పాఠంలో హబ్బు పాడవకుండా కప్పు దించడం, గ్రీజు పెట్టడం చూద్దాం. ఈలోగా ఇంట్లో పాత సీలింగ్ ఫ్యాన్ బేరింగ్ ఏదైనా దొరికితే కడిగి నంబరు చదవండి. 6202 అని ఉందనుకోండి, కొలవకుండా రంధ్రం ఎంతో చెప్పండి. 10 అన్నవాళ్ళు పైన మూడో పేరా ఇంకోసారి చదవాలి.