బడిలో వేధింపులు: నివారించడం, సంగతి తెలిశాక ఏం చేయాలి

బడిలో వేధింపులకు గురయ్యే పిల్లల్లో చాలామంది ఆ సంగతి పెద్దవాళ్లకు చెప్పరు. భయం ఒక్కటే కారణం కాదు. చెబితే ఏమవుతుందో వాళ్లు ముందే ఊహించుకుంటారు. టీచర్ క్లాసు మధ్యలో నిలబెట్టి అడుగుతారు, ఇంట్లో ఫోన్ లాక్కుంటారు, "నువ్వూ రెండు తగిలించకపోయావా" అంటారు, మర్నాటికల్లా ఎవరు చెప్పారో అటువైపు వాళ్లకు తెలిసిపోతుంది. ఈ ఊహ చాలాసార్లు నిజమే అవుతోంది. కాబట్టి గోడ మీద నియమాలు అతికించడం కన్నా ముందు చూడాల్సింది ఒకటుంది: నోరు విప్పిన బిడ్డకు, నోరు విప్పినందువల్ల నష్టం జరగకూడదు. కింద చెప్పే ప్రతి పనినీ ఆ లెక్కతోనే చూడండి.

ఏది వేధింపు, ఏది తగాదా

వేధింపుకు మూడు గుర్తులను నార్వేలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఒల్వేయస్ స్థిరపరిచారు. బాధపెట్టాలన్న ఉద్దేశం ఉండాలి, అది మళ్లీ మళ్లీ జరగాలి, రెండు పక్షాల మధ్య బలంలో తేడా ఉండాలి. బడులు తరచుగా మరిచిపోయేది మూడోదాన్ని. బలమంటే కండబలం మాత్రమే కాదు. అటు ఐదుగురు, ఇటు ఒక్కరు ఉండటం బలమే. క్లాసంతా ఎవరి మాట వింటుందో ఆ పలుకుబడి బలమే. ఎదుటివాళ్ల ఫొటోనో రహస్యమో చేతిలో ఉండటం ఇంకా పెద్ద బలం.

ఫోన్లో జరిగేదానికి ఈ కొలతలు కాస్త మారతాయి. ఒక్కసారి పెట్టిన పోస్టును వందమంది చూసి, ఇంకో వందమందికి పంపితే అది మళ్లీ మళ్లీ జరిగినట్టే. "ఒక్కసారే కదా పెట్టాడు" అన్న వాదన చెల్లదు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, రెండింటికీ మందు వేరు. సమాన బలమున్న ఇద్దరు పోట్లాడుకుంటే ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయవచ్చు. వేధింపులో అదే పని చేస్తే కీడు జరుగుతుంది. బాధపడుతున్న బిడ్డ అవతలివాళ్ల ముందు నిజం చెప్పలేదు. అవతలివాళ్లు నవ్వుతూ "సారీ" చెప్పి, చేయి కలిపి, గది దాటగానే పగ తీర్చుకుంటారు. రెండు చేతులు కలిస్తేనే చప్పుడు అనే సామెతను ఇలాంటి చోట వాడకండి. ఆ మాట విన్న బిడ్డ రెండోసారి మీ దగ్గరికి రాదు.

ముందుగా చేయాల్సింది: ఎక్కడ, ఎప్పుడు

బడి నమూనా పటాన్ని ఒక కాగితం మీద గీయించి, పేరు రాయనక్కర్లేకుండా పిల్లలకు ఇవ్వండి. భయమనిపించే చోట ఎర్ర గుర్తు పెట్టి, పక్కనే ఏ సమయమో రాయమనండి. పావుగంటలో అయిపోతుంది. మరుగుదొడ్లు, మెట్ల మలుపులు, బస్సు వెనక సీట్లు, బట్టలు మార్చుకునే గది, పీరియడ్ మారే ఐదు నిమిషాలు, భోజన విరామం చివర్లో పెద్దవాళ్లు లేని పది నిమిషాలు: గుర్తులు ఎక్కువగా పడేది ఇలాంటి చోట్లే. టీచర్ల డ్యూటీలను ఆ పటం ప్రకారం మార్చండి. విరామమంతా గేటు దగ్గర ముగ్గురు నిలబడి, మెట్ల దగ్గర ఒక్కరూ లేకపోతే ఆ కాపలా దండగ.

దీనితోపాటు ఏడాదికి రెండుసార్లు పేర్లు లేని ప్రశ్నావళి నింపించండి. "నిన్నెవరైనా వేధించారా" అని అడిగితే ఎక్కువమంది లేదనే రాస్తారు. పనుల పేర్లు పెట్టి అడగాలి: గత రెండు నెలల్లో నిన్ను మారుపేరుతో పిలిచారా, ఆటలోంచి కావాలని తీసేశారా, నీ వస్తువులు దాచారా, నువ్వు లేని గ్రూపులో నీ ఫొటో పెట్టి నవ్వుకున్నారా? ప్రతిదానికీ ఎన్నిసార్లు అన్న గడి ఉండాలి. పక్కవాళ్లు చూసేలా కూర్చోబెట్టి నింపిస్తే జవాబులు పనికిరావు. యునెస్కో 2019 నివేదిక ప్రకారం ప్రపంచవ్యాప్తంగా దాదాపు ముగ్గురిలో ఒకరు గడిచిన నెలలో కనీసం ఒక్కసారి వేధింపు ఎదుర్కొన్నారు. మీ బడిలో దాదాపు సున్నా వస్తే సంతోషించకండి, అడిగిన పద్ధతిని అనుమానించండి.

ఏడాదికొక రోజు సభ పెట్టి, ప్రతిజ్ఞ చేయించి ఊరుకుంటే పెద్దగా ఏమీ మారదు. మరియా టోఫీ, డేవిడ్ ఫారింగ్టన్ 2011లో 44 కార్యక్రమాల ఫలితాలను కలిపి చూస్తే వేధించడం సగటున 20 నుంచి 23 శాతం తగ్గినట్టు తేలింది. ఎక్కువ కాలం, ఎక్కువ తీవ్రతతో నడిపినవి, ఆటస్థలంలో పర్యవేక్షణ పెంచినవి, తల్లిదండ్రులను కూర్చోబెట్టి మాట్లాడినవి మెరుగ్గా పనిచేశాయి. వారానికి ఇరవై నిమిషాలు క్లాసు టీచర్ పిల్లలతో కూర్చోవడం సాధ్యమే. నియమాలు మూడు నాలుగుకు మించకూడదు. "ఎవరినీ ఒంటరిగా వదిలేయం" వంటి నియమం పిల్లలకు గుర్తుంటుంది, రెండు పేజీల పత్రం గుర్తుండదు.

చూస్తూ నిలబడేవాళ్లు

వేధించేవాళ్లకు ప్రేక్షకులు కావాలి. ఫిన్లాండ్ పరిశోధకురాలు క్రిస్టీనా సాల్మివల్లి 1990లలో క్లాసులో ఎవరెవరు ఏ పాత్రలో ఉంటారో వివరించారు: ముందుండి నడిపేవాళ్లు, చేయి కలిపేవాళ్లు, నవ్వి ఎగదోసేవాళ్లు, తమకెందుకని తప్పుకునేవాళ్లు, అడ్డుపడేవాళ్లు. నడిపేవాడిని మార్చడం కష్టం. నవ్వేవాళ్ల నవ్వు ఆపించడం దానికన్నా తేలిక. కెనడాలో ఆటస్థలాల్లో చిత్రీకరించి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తోటి పిల్లలు అడ్డుపడిన సందర్భాల్లో సగానికి పైగా, 57 శాతం, పది సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది.

అయితే "ధైర్యంగా ఎదిరించు" అని అందరికీ చెప్పడం న్యాయం కాదు, తర్వాతి వంతు తమదే అవుతుందని వాళ్లకు తెలుసు. ఎవరి ధైర్యానికి తగ్గ పని వాళ్లకు నేర్పండి. నవ్వకుండా అక్కడి నుంచి వెళ్లిపోవడం ఒకటి. "రా, సార్ పిలుస్తున్నారు" అని ఆ బిడ్డను పక్కకు తీసుకెళ్లడం ఇంకొకటి. ఏదీ చేయలేకపోతే తర్వాత దగ్గరికెళ్లి "వాళ్లు చేసింది తప్పు" అనడం. ఆ ఒక్క మాటతోనే ఒంటరితనం చాలా తగ్గుతుంది. పెద్దవాళ్లకు చెప్పడం చాడీ కాదనీ విడమరచండి: ఒకరిని ఇబ్బందిలో పడేయడానికి చెప్పేది చాడీ, ఒకరిని ఇబ్బంది నుంచి బయటికి తేవడానికి చెప్పేది సాయం.

కళ్ల ముందు జరుగుతుంటే

ఇద్దరి మధ్యకు వెళ్లి నిలబడండి, ఒకరినొకరు చూసుకోకుండా. గొంతు పెంచకుండా చూసిందాన్నే చెప్పండి: "అతని బ్యాగు లాక్కున్నావు. ఇలాంటివి ఇక్కడ కుదరవు." చుట్టూ ఉన్నవాళ్లను పంపేయండి. అక్కడికక్కడే "ఏం జరిగింది" అని విచారణ మొదలుపెట్టకండి, క్షమాపణ చెప్పించకండి. గుంపు ముందు ఓదార్చినా ఆ బిడ్డకు అవమానంగానే ఉంటుంది. అదే రోజు, ఎవరూ గమనించని విధంగా, విడిగా పిలిచి మాట్లాడండి.

బిడ్డ వచ్చి చెబితే

మొదటి రెండు నిమిషాలు వినండి, అంతే. ఆ తర్వాత మూడు మాటలు చెప్పాలి: "చెప్పి మంచిపని చేశావు. ఇది నీ తప్పు కాదు. నీకు తెలియకుండా నేనేమీ చేయను." ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వకండి. నిలబెట్టుకోలేరు, మాట తప్పితే నమ్మకం పోతుంది. "పట్టించుకోకు", "తిరిగి కొట్టు", "నువ్వేం చేశావని వాళ్లు అలా చేశారు" ఈ మూడూ నోట్లోంచి రాకూడదు. బలంలో తేడా ఉన్నచోట తిరిగి కొట్టిన బిడ్డకు దెబ్బలూ పడతాయి, శిక్షా పడుతుంది.

తర్వాత రాసుకోండి: తేదీ, సమయం, చోటు, ఎవరెవరు, ఎవరు చూశారు, అన్న మాటలు అన్నవి అన్నట్టే. "అసభ్యంగా మాట్లాడాడు" అని రాస్తే రేపు ఎవరికీ పనికిరాదు.

బిడ్డ ఇంటికి వెళ్లేలోపే రేపటి ఏర్పాటు తేలాలి. ఎవరి పక్కన కూర్చోవాలి, ఏ బస్సులో ఏ సీటు, విరామంలో ఎక్కడ ఉండొచ్చు, ఏదైనా జరిగితే వెళ్లాల్సిన ఇద్దరు పెద్దవాళ్లెవరు. ఒక్కరి పేరే ఇస్తే ఆ రోజు వాళ్లు సెలవులో ఉండొచ్చు. సెక్షన్ మార్చాల్సి వస్తే వేధించినవాళ్లను మార్చండి. బాధపడినవాళ్లను మారిస్తే శిక్ష వాళ్లకే పడినట్టు బడంతా అర్థం చేసుకుంటుంది.

విచారణ

గుంపుగా చేసిన పనికి గుంపుగా విచారణ పెట్టకూడదు. ఒకే పూట, ఒకరి తర్వాత ఒకరిని, మధ్యలో మాట్లాడుకునే వీల్లేకుండా పిలవండి. నాయకుడితో కాక, వెనక నడిచేవాళ్లతో మొదలుపెడితే సంగతి తొందరగా బయటపడుతుంది. "ఫలానావాడు నీ మీద చెప్పాడు" అనొద్దు. టీచర్ చూసిందీ, పటంలో తేలిందీ, సాక్షులు చెప్పిందీ కలిపి "మాకు ఈ సంగతి తెలిసింది" అంటే చాలు. ఒక్కరే సాక్షి ఉన్న సంఘటనను ముందుకు తేవద్దు, మూలం ఎవరో వెంటనే తెలిసిపోతుంది.

వేధించిన బిడ్డకు పర్యవసానం ఉండాల్సిందే. కానీ ఇంటికి పంపేయడం ఒక్కటే చేస్తే నేర్చుకునేది ఏమీ ఉండదు, పైగా శిక్ష పెద్దదని తెలిస్తే సాక్షులూ నోరు మెదపరు. పాడుచేసిన వస్తువు తెచ్చివ్వడం, పెట్టిన పోస్టు తీసేయడం, కొన్నాళ్లు విరామాన్ని పెద్దవాళ్ల కంటి ముందు గడపడం వంటివి పనికి తగ్గట్టు ఉంటాయి. క్షమాపణ, బాధపడిన బిడ్డ ఒప్పుకుంటేనే. రెండు కుటుంబాలనూ ఒకే గదిలోకి పిలవకండి. వేధించిన పిల్లల తల్లిదండ్రులకు "మీవాడు రౌడీ" అని కాకుండా, ఏ రోజు ఏం చేశాడో చెప్పండి. ముద్ర వేస్తే వాళ్లు వాదిస్తారు, వివరం ముందు పెడితే ఆలోచిస్తారు.

ఫోన్లో జరిగితే

వరుస ముఖ్యం. ముందు జవాబివ్వడం ఆపాలి, తర్వాత సాక్ష్యం భద్రపరచాలి, తర్వాత రిపోర్ట్, ఆఖర్న బ్లాక్. బాధలో పిల్లలు చేసే మొదటి పని అంతా డిలీట్ చేయడం, దాంతో సాక్ష్యం పోతుంది.

స్క్రీన్‌షాట్‌లో సందేశంతోపాటు పంపినవారి యూజర్‌నేమ్, తేదీ, సమయం కనిపించాలి. ప్రొఫైల్ పేజీని, దాని లింకును విడిగా తీసుకోండి, ఎందుకంటే పేరు ఎప్పుడైనా మార్చేయొచ్చు. ముందూ వెనకా ఉన్న సందేశాలూ కావాలి. మాయమైపోయే సందేశాలను ఇంకో ఫోన్‌తో ఫొటో తీయండి.

వాట్సాప్‌లో ఒకరిని గానీ గ్రూపును గానీ రిపోర్ట్ చేస్తే అక్కడి నుంచి వచ్చిన చివరి ఐదు సందేశాలు కంపెనీకి చేరతాయి. వేధించిన సందేశం పైకి వెళ్లిపోయి ఉంటే దాన్నే నొక్కిపట్టి రిపోర్ట్ చేయండి. అక్కడ చాట్ తొలగించే గడికి టిక్ ఉంటే తీసేయండి. నన్ను గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చు అనే సెట్టింగును కాంటాక్టులకే పరిమితం చేయండి. ఇన్‌స్టాగ్రామ్‌లో బ్లాక్ చేస్తే గొడవ పెరుగుతుందని భయముంటే "రిస్ట్రిక్ట్" ఉంది: అవతలివాళ్ల వ్యాఖ్యలు వాళ్లకే కనిపిస్తాయి, తమను పరిమితం చేశారన్న కబురు వాళ్లకు అందదు. ఖాతా చొరబాటుకు గురైతే పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేసి, రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తోపాటు ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టండి. వాట్సాప్‌లో లింక్ అయిన పరికరాల జాబితా తప్పక చూడండి, స్నేహితులే ఒకప్పుడు తమ కంప్యూటర్‌లో తెరిచి ఉంచుకుని ఉండొచ్చు.

ఒంటి మీద బట్టలు లేని ఫొటోలు, లేదా ఏఐతో అలా తయారుచేసిన నకిలీలు అయితే పై పద్ధతి మారుతుంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలవి అయితే ఆ బొమ్మను స్క్రీన్‌షాట్ తీయకూడదు, దాచకూడదు, "చూడండి" అని ఇంకో టీచర్‌కు పంపకూడదు. చాలా దేశాల్లో అదే నేరం. లింకు, యూజర్‌నేమ్, సమయం రాసుకుని పోలీసులకు చెప్పండి. తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం పనిచేసే అమెరికా సంస్థ ఎన్‌సీఎంఈసీ నడిపే టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. బొమ్మ మీ ఫోన్లోనే ఉంటుంది, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది, ఇందులో చేరిన వేదికలు ఆ గుర్తుతో వెతికి తీసేస్తాయి. పంపినవారు, అందుకున్నవారు తప్ప ఇంకెవరూ చూడలేని గుప్తీకరించిన చాట్‌లలో ఇది పనిచేయదు. ఫొటో బయటపెడతామని డబ్బు అడిగితే ఒక్కసారి కూడా ఇవ్వవద్దు, ఇచ్చినకొద్దీ అడుగుతారు.

ఇంత జరిగినా ఫోన్ లాక్కోవద్దు. దాంతో బిడ్డకు మిగిలిన స్నేహాలూ తెగిపోతాయి, ఇంకెప్పుడూ చెప్పకూడదన్న పాఠమూ ఒంటబడుతుంది. రాత్రి పడుకునే ముందు ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో ఛార్జింగ్‌కు పెడితే అది ఒక్కరికి శిక్ష కాదు.

ప్రాణం మీదికి వస్తే

"నేను లేకపోతే అందరికీ హాయి" వంటి మాటలు, ఇష్టమైన వస్తువులు పంచేయడం, చేతుల మీద కోతలు కనిపిస్తే మిగతా అడుగులన్నీ పక్కన పెట్టండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా" అని సూటిగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఒంటరిగా వదలకండి, మందులు, పురుగుమందులు, పదునైనవి అందకుండా తీసేసి, అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఎప్పుడు ముగిసినట్టు

వేధింపు చాలాసార్లు వెంటనే పూర్తిగా ఆగదు, కొన్నాళ్లు చాటుకు వెళ్తుంది. అందుకే రెండు రోజులకు, వారానికి, రెండు వారాలకు, నెలకు బిడ్డతో విడిగా మాట్లాడాలి. తేదీలను రిజిస్టర్‌లో ముందే రాసి, ఎవరు మాట్లాడాలో పేరు రాయాలి. "అంతా బాగుందా" అంటే "బాగుంది" అనే వస్తుంది. "ఈ వారం విరామంలో ఎవరితో ఉన్నావు, బస్సులో ఎక్కడ కూర్చున్నావు, ఏ గ్రూపులోంచైనా తీసేశారా" అని అడగండి.

బడి కదలకపోతే తల్లిదండ్రులు మాటతో ఆగకుండా రాసివ్వాలి: జరిగినవి తేదీలవారీగా, సాక్ష్యాల నకళ్లు, ఏం కోరుతున్నారో, ఎప్పటిలోగా జవాబు కావాలో. ఒక నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. గడువు దాటితే అదే కాగితంతో యాజమాన్యం దగ్గరికి, అక్కడా కాకపోతే విద్యాశాఖ అధికారుల దగ్గరికి వెళ్లండి. దెబ్బలు, బెదిరింపు, డబ్బు గుంజడం, లైంగిక వేధింపు ఉంటే ఈ మెట్లన్నీ ఎక్కేదాకా ఆగక్కర్లేదు, నేరుగా పోలీసుల దగ్గరికే వెళ్లవచ్చు.