ఎవరికి ఎంత తెలుసు: చిన్న ఊరి అతీంద్రియ ప్రేమకథల సిరీస్‌ను చదివే పద్ధతి

కౌమార వయసు పాఠకుల కోసం రాసిన అతీంద్రియ ప్రేమకథల సిరీస్‌ను మొదటిసారి చేతిలోకి తీసుకున్నవారు ఎక్కువగా ఆ ఇద్దరూ ఎప్పుడు ఒకటవుతారన్న ఆత్రంతో చదువుతారు. మొదటి సంపుటం ఆ ఆత్రం మీదే సాఫీగా సాగిపోతుంది. నాలుగు వందల పేజీలు రెండు రాత్రుల్లో అయిపోయినా ఆశ్చర్యం లేదు. ఇబ్బంది రెండో సంపుటం నుంచి మొదలవుతుంది. ఊరిలో మరో అలౌకిక వంశం బయటపడుతుంది, తాతల కాలంనాటి ఒప్పందం ఒకటి ముందుకు వస్తుంది, అమ్మాయి తండ్రితో చెప్పిన చిన్న అబద్ధం పది అధ్యాయాల తర్వాత ఎదురు తిరుగుతుంది, అప్పటికి ఆ అబద్ధమేమిటో పాఠకులకు గుర్తుండదు. నేనూ మొదట్లో ఇలాగే చదివి, మూడో సంపుటం మధ్యలో దారి తప్పి, మళ్లీ మొదటి సంపుటానికి వెళ్లాను. ఆ రెండో చదువులో నాకు అర్థమైన విషయం ఏమిటంటే, ఈ నవలల్లో ప్రేమ రహస్యం మీద ఆధారపడి నడుస్తుంది. ఎవరికి ఎంత తెలుసు, ఎప్పుడు తెలిసింది, ఎవరి నోట తెలిసింది అన్న మూడు ప్రశ్నలను వదలకుండా చదివితే కథ చేజారిపోదు, ప్రేమ కూడా మరింత లోతుగా అందుతుంది.

చదవడం మొదలుపెట్టినప్పుడు ప్రేమజంటకన్నా ముందు ఊరిని చూడండి. మహానగరంలో ఒక రక్తపిశాచి వందేళ్లపాటు ఎవరి కంటా పడకుండా బతకగలడు. పక్కింటివారి పేరు కూడా తెలియని చోట రహస్యానికి కాపలా అక్కర్లేదు. అందరూ అందరికీ తెలిసిన చిన్న ఊరిలో అయితే ఒక కుటుంబం మధ్యాహ్న భోజనం ముట్టకపోయినా, ఎండ కాసిన రోజున పిల్లలు బడికి రాకపోయినా ఎవరో ఒకరు గమనిస్తారు. రచయితలు చిన్న ఊరిని ఎంచుకోవడానికి ముఖ్య కారణం ఈ ఇరుకే. 2005లో వచ్చిన ‘ట్వైలైట్’ను చూడండి. స్టెఫెనీ మేయర్ తన కథకు అమెరికాలో బాగా వాన పడే చోటు కోసం వెతికి, వాషింగ్టన్ రాష్ట్రంలోని ఫోర్క్స్ అనే నిజమైన ఊరిని ఎంచుకున్నారు. మూడు వేల పైచిలుకు జనాభా ఉన్న ఆ ఊరిలో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఆమె సృష్టించిన రక్తపిశాచుల చర్మం ఎండలో మెరుస్తుంది గనుక వారు మనుషుల మధ్య తిరగాలంటే మబ్బు కావాలి. అక్కడ వాన వర్ణన కోసం రాలేదు. అది రహస్యానికి కప్పిన దుప్పటి. అదే ఊరిలో అమ్మాయి తండ్రి పోలీసు అధిపతి, అబ్బాయిని పెంచుకున్న తండ్రి ఆసుపత్రిలో డాక్టరు. గాయాలను, ప్రమాదాలను, అదృశ్యాలను వృత్తిరీత్యా చూడవలసిన ఇద్దరిని రచయిత్రి రెండు ఇళ్లలో కూర్చోబెట్టారు. మీరు చదివే సిరీస్‌లో కూడా వాతావరణం, వృత్తులు, బడి, అడవి దారి ఎవరి రహస్యాన్ని కాపాడుతున్నాయో, ఎవరి రహస్యాన్ని బయటపెట్టబోతున్నాయో మొదటి యాభై పేజీల్లోనే అడగడం మొదలుపెట్టండి.

ఇక అసలు పద్ధతికి వస్తాను. ఒక నోటుబుక్కులో రెండు పేజీలు కేటాయించి రహస్యాల పద్దు రాసుకోండి. ఎడమవైపు పాత్రల పేర్లు, వాటికి ఎదురుగా ఆ పాత్రకు తెలిసిన విషయం, తెలిసిన అధ్యాయం, తెలిసిన తీరు రాయాలి. తెలిసిన తీరు చాలా ముఖ్యం. ఒకరు చెప్తే తెలియడం, తానే కనిపెట్టడం, ఊహించి ఊరుకోవడం, చాటుగా వినడం, ఇవన్నీ వేర్వేరు. ఈ కథల్లో నమ్మకం కుదరడం, చెదరడం వాటి తేడా మీదే ఆధారపడి ఉంటుంది. ప్రేమించినవాడు తానే నోరువిప్పి చెప్పిన నిజానికీ, మరొకరి నోట విన్న అదే నిజానికీ అమ్మాయి మనసులో ఒకే బరువు ఉండదు. ‘ట్వైలైట్’లో ఎడ్వర్డ్ అనే అబ్బాయి రక్తపిశాచి అనడానికి కథానాయిక బెల్లాకు మొదటి ఆధారం, సముద్రతీరంలో స్థానిక క్విలూట్ తెగ అబ్బాయి జేకబ్ చెప్పిన తమ తెగ కథ నుంచి వస్తుంది. చెప్పినవాడు దాన్ని నమ్మడు, తాతలు చెప్పిన వింత కథగానే చెప్తాడు. విన్న అమ్మాయి మాత్రం నమ్మే దారిలో పడుతుంది. పద్దులో ఈ సంగతి ఒక్క వరుసే అయినా, ముందు ముందు ఆ ఇద్దరి మధ్య జరగబోయేదానికి అది పునాది.

పద్దులో ‘పాఠకుడు’ అని ఒక పేరు తప్పక చేర్చండి, ఎందుకంటే రచయిత మనకు చెప్పిన విషయం పాత్రలకు తెలియకపోతే ఉత్కంఠ ఒక రకంగా, పాత్రకు తెలిసినది మనకు చెప్పకపోతే మరో రకంగా పుడుతుంది. మాగీ స్టీఫ్‌వాటర్ 2012లో రాసిన ‘ది రేవెన్ బాయ్స్’ వర్జీనియాలోని హెన్రియెటా అనే కల్పిత ఊరిలో జరుగుతుంది. బ్లూ అనే అమ్మాయి తన నిజమైన ప్రేమికుణ్ణి ముద్దుపెట్టుకుంటే అతడు చనిపోతాడని ఆమె ఇంట్లోని జోస్యులు చిన్నప్పటినుంచి చెబుతూనే ఉంటారు. ఈ మాట మనకు ఆరంభంలోనే తెలుస్తుంది. ఆమె చుట్టూ చేరిన అబ్బాయిలకు తెలియదు. అందువల్ల ఆ నవలలో ఎవరైనా ఒకరి పక్కన మరొకరు మౌనంగా కూర్చున్నా చదివేవారి గుండె వేగం పెరుగుతుంది. ఒకే విషయం ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు అన్న తేడాతోనే ఇంత ఒత్తిడి పుట్టించడం ఈ తరహా సాహిత్యంలో నాకు ఎక్కువ ఇష్టమైన నేర్పు.

రెండో పేజీ నియమాలకు కేటాయించాలి. అలౌకిక శక్తి ఎప్పుడు పనిచేస్తుంది, దేనితో ఆగుతుంది, దానికి చెల్లించవలసిన మూల్యం ఏమిటి అని రాసుకుంటూ, ప్రతి నియమం పక్కన దాన్ని చెప్పిన పాత్ర పేరు కూడా రాయండి. మొదటి సంపుటంలో నియమాలను వివరించే పాత్ర సాధారణంగా ఏదో దాచుకున్నదై ఉంటుంది, లేదా తనకే సగం తెలిసినదై ఉంటుంది. మూడో సంపుటంలో నియమం మారినట్టు కనిపిస్తే రచయిత పొరపాటని వెంటనే అనుకోకుండా పక్కనున్న పేరును చూడండి. తరచుగా మారింది నియమం కాదని, మొదట చెప్పినవారు మొత్తం చెప్పలేదని తేలుతుంది. చూసినా సమాధానం దొరకకపోతే అప్పుడు అది రచనలోని లోపమేనని ఒప్పుకోవచ్చు, అలాంటివి కూడా ఈ సిరీస్‌లలో లేకపోలేదు.

అధ్యాయాల తలకట్టులను దాటేసి చదివే అలవాటు ఉంటే ఇక్కడ మానుకోవాలి. మినెసోటాలోని మెర్సీ ఫాల్స్ అనే కల్పిత ఊరిలో జరిగే ‘షివర్’ 2009లో వచ్చింది. అందులో చలి ముదిరితే మనిషి తోడేలుగా మారిపోతాడు, కాబట్టి ప్రతి అధ్యాయం మొదట్లో కథ చెప్పేవారి పేరుతోపాటు ఉష్ణోగ్రత కూడా ఫారెన్‌హీట్‌లో అచ్చువేశారు. ఆ అంకె పడిపోవడం చూస్తూ చదివినవారికి, చూడకుండా చదివినవారికి ఒకే నవల దొరకదు. సౌత్ కరొలినాలోని గాట్లిన్ అనే ఊరిని కల్పించి కామీ గార్సియా, మార్గరెట్ స్టోల్ కలిసి రాసిన ‘బ్యూటిఫుల్ క్రీచర్స్’లో తలకట్టుల మీద తేదీలు ఉంటాయి, అమ్మాయికి పదహారో పుట్టినరోజున ఆమె వెలుగు వైపో చీకటి వైపో తేలిపోవాలి గనుక ఆ తేదీలు గడువు దగ్గరపడడాన్ని చెప్తాయి. ‘ట్వైలైట్’ తర్వాతి సంపుటం ‘న్యూ మూన్’లో అయితే ఎడ్వర్డ్ వెళ్లిపోయాక కొన్ని పేజీల్లో అక్టోబరు నుంచి జనవరి వరకు నెలల పేర్లు తప్ప ఇంకేమీ లేవు. తొందరలో తిప్పేయగలిగిన ఆ పేజీల దగ్గర కాసేపు ఆగాలని నా మనవి, ఎందుకంటే ఆ అమ్మాయి దుఃఖాన్ని రచయిత్రి మాటలతో చెప్పడం మానేసిన చోటు అది.

ఏ సంపుటం తర్వాత ఏది చదవాలన్న ప్రశ్నకు నా సమాధానం, ప్రచురణ క్రమమే. సిరీస్ ముగిశాక వచ్చే చిన్న నవలలు, వెనుకటి కథలు, అదే కథను మరొకరి నోట చెప్పే పుస్తకాలు కాలక్రమంలో ముందుకు వస్తాయి కదా అని ముందే చదివేస్తే, మొదటి సంపుటం జాగ్రత్తగా దాచిన సంగతులన్నీ తెరుచుకుపోతాయి. 2020లో వచ్చిన ‘మిడ్‌నైట్ సన్’ ‘ట్వైలైట్’ కథనే ఎడ్వర్డ్ వైపు నుంచి చెప్తుంది. అతడు చుట్టూ ఉన్నవారి మనసులోని మాటలు వినగలడు, బెల్లా మనసు ఒక్కటే వినలేడు. దాన్ని ముందు చదివినవారికి బెల్లా పడే అయోమయం ఎప్పటికీ దక్కదు. తర్వాత చదివినవారికి పద్దులో అంతవరకు ఖాళీగా ఉన్న ఒక వరుస మొత్తం ఒకేసారి నిండుతుంది. బ్రీ టానర్ అనే పాత్ర గురించి 2010లో వచ్చిన చిన్న నవలను కూడా ఇదే కారణంతో అదే సిరీస్‌లోని మూడో సంపుటం ‘ఎక్లిప్స్’ తర్వాతే చదవాలి. తెర మీది రూపాన్ని సంపుటాల మధ్యలో చూడకపోవడం మంచిది. ఎల్.జె. స్మిత్ 1991లో మొదలుపెట్టిన ‘ది వాంపైర్ డైరీస్’లో ఊరి పేరు ఫెల్స్ చర్చ్, 2009లో మొదలైన టీవీ సిరీస్‌లో అది మిస్టిక్ ఫాల్స్, ఒక్క పేరుతో ఆగకుండా మనుషులు, బంధాలు కూడా మారాయి. రెండూ కలిపి నడిపితే పద్దు పాడవుతుంది.

మధ్య సంపుటాలు నెమ్మదిస్తాయి. ప్రేమికులను విడదీసి, కొత్త శత్రువును తెచ్చి, మూడో మనిషిని దగ్గర చేసే పని వాటి మీద పడుతుంది. విసుగు వచ్చిన చోట పేజీలు దాటేయకుండా ఆ అధ్యాయంలో కొత్తగా ఎవరికి ఏమి తెలిసిందో ఒక్క మాటలో రాసుకుని ముందుకు సాగండి. వరుసగా మూడు అధ్యాయాల్లో ఎవరికీ ఏమీ తెలియకపోతే ఆ విసుగు న్యాయమైనదే.

ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన విషయం మరొకటి ఉంది. ఈ కథల్లోని ప్రేమికుల మధ్య ఎరుక సమానంగా ఉండదు. ఎడ్వర్డ్ 1901లో పుట్టి, 1918లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి కాలంలో రక్తపిశాచిగా మారి, పదిహేడేళ్ల రూపంలో ఆగిపోయినవాడు. బెల్లాకు నిజంగానే పదిహేడేళ్లు. ఆమె నిద్రపోతుండగా అతడు ఆమెకు తెలియకుండా గదిలోకి వచ్చి చూస్తూ కూర్చుంటాడు, కథ దాన్ని అనురాగంగానే చూపుతుంది. పద్దు తెరిస్తే ఆ రాత్రుల సంగతి అతడి వరుసలో ఉంటుంది, ఆమె వరుసలో చాలాకాలం ఉండదు. ప్రేమ గాఢతను నేను తక్కువ చేయడం లేదు. ఆ గాఢతకు నేనూ కదిలిపోయినవాణ్ణే. అయినా ఒకరికి రెండోవారి గురించి అంతా తెలిసి, ఆ రెండోవారికి దాదాపు ఏమీ తెలియని స్థితిలో ‘సరే’ అన్న మాటకు ఎంత విలువ ఉంటుందో ప్రతి సంపుటం చివర అడిగి చూడాలి. అమ్మాయి తెలిసి తీసుకున్న నిర్ణయాలు ఏవి, తెలియనివ్వకుండా తీసుకునేలా చేసినవి ఏవి అని విడదీసి చూడండి. మంచి సిరీస్‌లో సంపుటాలు గడిచేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది, ప్రేమ ఎదగడమంటే ఆ కథలో అదే. తగ్గకుండా చివరివరకు సాగితే, ఎన్ని వాగ్దానాలు చేసినా ఆ ప్రేమను నేను నమ్మలేను. పిల్లలతో కలిసి చదివే పెద్దలు ఈ సంగతిని ఉపన్యాసంగా చెప్పనక్కర్లేదు, ‘ఈ విషయం ఆమెకు అప్పటికి తెలుసా?’ అని అడిగితే చాలు, పిల్లలే వెనక్కి వెళ్లి వెతికి చెప్తారు.

ముక్కోణపు ప్రేమ వచ్చినప్పుడు కూడా ఎవరి పక్షమన్న వాదనకన్నా, ఇద్దరిలో ఎవరు ఆమెకు నిజం ముందుగా చెప్పారన్నది చూడడం ఉపయోగం.

కథ నిజమైన ఊరిలో, నిజమైన మనుషుల మధ్య జరిగితే నోటుబుక్కులో ఇంకో పేజీ అవసరం. ‘ట్వైలైట్’లోని క్విలూట్ తెగ కల్పితం కాదు, ఫోర్క్స్‌కు పడమటగా, సముద్రపు ఒడ్డున ఉన్న లా పుష్ వారి ఊరు. తమ తొలి మనుషులను తోడేళ్ల నుంచి మార్చినట్టు చెప్పే పుట్టుక కథ వారి సంప్రదాయంలో నిజంగానే ఉంది. రక్తపిశాచులతో వారి పెద్దలు చేసుకున్న ఒప్పందం మాత్రం నవలకోసం పుట్టినది. ఒక తెగ పవిత్రంగా చూసుకునే కథకూ, రచయిత్రి అల్లినదానికీ మధ్య గీత ఎక్కడుందో ఆ తెగవారు తమ గురించి తాము చెప్పుకున్న మాటల నుంచి తెలుసుకుని విడిగా రాసుకోవాలి, లేకపోతే నవలలోని తోడేలు మనుషులే ఆ ప్రజల చరిత్ర అని మనసులో స్థిరపడిపోతుంది.

ఒక సంపుటం ముగిసిన వెంటనే మరొకటి తెరవకుండా ఒక్కరోజు ఆగి, పద్దులో ఇంకా ఖాళీగా ఉన్న గళ్లను చూసుకోండి. తండ్రికి తెలియాల్సింది ఏమిటి, స్నేహితురాలు ఏమి ఊహించి ఊరుకుంది, పక్క ఊరికి వెళ్లిపోయిన పాత్ర ఏ రహస్యాన్ని వెంట తీసుకెళ్లింది అని ఆ గళ్లు అడుగుతాయి, తర్వాతి సంపుటం ఎక్కువగా వాటితోనే మొదలవుతుంది. సిరీస్ మొత్తం పూర్తయ్యాక మొదటి సంపుటంలోని మొదటి మూడు అధ్యాయాలను మళ్లీ చదవండి. బడి భోజనశాలలో ఎవరు ఎవరివైపు చూసి చూపు తిప్పుకున్నారో, ఎవరు ఏ ప్రశ్నకు ఆలస్యంగా జవాబిచ్చారో ఈసారి పద్దు పక్కన పెట్టుకుని చూస్తే, ఆ గదిలో అప్పటికే ఎంతమందికి నిజం తెలుసో లెక్కపెట్టగలుగుతారు.