పెడాట్–పీఎస్ఎస్ మొరాయిస్తే: ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

పెడాట్–పీఎస్ఎస్ అంటే కరెంటు మోసే పాలిమర్ మిశ్రమం, ద్రవంగా పూసి పల్చని పొరగా ఆరబెడతారు. అది నీళ్లలో ఉప్పులా కరిగిపోదు. చిన్న చిన్న జెల్ రేణువులుగా తేలుతూ ఉంటుంది. కరెంటు మోసేది పెడాట్, దాన్ని అడుక్కి దిగకుండా పట్టి ఉంచేది పీఎస్ఎస్. సీసాలో పీఎస్ఎస్ లేకపోతే పెడాట్ తేలదు, ఆరిన పొరలో అదే పీఎస్ఎస్ కరెంటుకు అడ్డు. కింది తంటాల్లో సగం ఈ మెలిక వల్లే.

పొర ఆరింది, నిరోధం మాత్రం విపరీతం

ముందు సీసా మీద గ్రేడ్ చూడండి. పెడాట్, పీఎస్ఎస్ బరువుల నిష్పత్తి 1:6 ఉన్న రకాన్ని కావాలనే నిరోధం ఎక్కువ ఉండేలా చేస్తారు. నేను ఒకసారి ఇది చూసుకోక రెండు రోజులు పాడుచేసుకున్నాను. 1:2.5 రకమైనా, ఏమీ కలపకుండా పూస్తే వాహకత సెంటీమీటరుకు 1 సీమెన్స్ దాటడమే కష్టం, ఎందుకంటే పెడాట్ చుట్టూ పీఎస్ఎస్ తొడుగులా ఉంటుంది. బరువులో 5 శాతం డీఎంఎస్ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రావకం) గానీ ఇథిలీన్ గ్లైకాల్ గానీ కలిపి, పూసి, 120–140 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడి చేయండి. వాహకత వందల్లోకి వెళ్తుంది.

అయినా తక్కువే వస్తే మందం మళ్లీ కొలవండి. షీట్ నిరోధం (పొరలో ఒక చదరపు ముక్క నిరోధం) 100 ఓమ్‌లు, మందం 100 నానోమీటర్లు అయితే వాహకత సెంటీమీటరుకు 1000 సీమెన్స్. మందం నిజానికి 200 అయితే అది 500కి పడిపోతుంది. పాలిమర్ మారలేదు, లెక్క మారింది. రెండు తీగల మల్టీమీటరు అతుకుల నిరోధాన్ని కూడా కలిపేస్తుంది కాబట్టి నాలుగు మొనల ప్రోబ్ వాడాలి.

సీసాలో మీటరు బాగానే చూపిస్తోంది, పొరలో ఏమీ లేదు

ద్రవంలో వాహకత మీటరు చూపేది ఎక్కువగా ఆమ్లమైన పీఎస్ఎస్ నుంచి వచ్చే ప్రోటాన్ల కదలిక. దాన్ని బట్టి పొర ఎలా ఉంటుందో చెప్పలేం. ఆ అంకెను పక్కన పెట్టండి.

నిన్న చిక్కగా ఉంది, ఇవాళ పల్చగా

ఈ ద్రవం ఎంత వేగంగా కదిపితే అంత పల్చబడుతుంది. కాబట్టి విస్కోమీటరు వేగం, ఉష్ణోగ్రత రాయకుండా చిక్కదనం ఒక్కటే రాస్తే దానికి అర్థం లేదు. రెండు మూడు వేగాల్లో కొలిచి గీత గీయండి. ఆ గీత రోజురోజుకూ పైకి జరుగుతుంటే జెల్ కడుతోందన్నమాట.

గడ్డలు, ఫిల్టరు మూసుకుపోవడం

చలికి మంచులా గడ్డకట్టి మళ్లీ కరిగిన సీసా అయితే పారేయండి, దాన్ని బాగుచేయలేం. ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల మధ్య ఉంచాలి, ఫ్రీజర్‌లో కాదు. కాల్షియం లాంటి లోహ అయాన్లు తగిలినా రేణువులు అతుక్కుంటాయి, అందుకే శుద్ధమైన నీళ్లు, ప్లాస్టిక్ గరిటె. ద్రావకాలను కలుపుతూ చుక్కచుక్కగా పోయండి. 0.45 మైక్రాన్ల ఫిల్టరు మొదటి చుక్కలకే మూసుకుపోతే ఫిల్టరును తిట్టకండి, సీసాను అనుమానించండి.

గాజు మీద ముత్యాల్లా విడిపోతోంది

గాజు మురికిగా ఉంది. యూవీ–ఓజోన్ గానీ ప్లాస్మా గానీ పట్టించి వెంటనే పూయండి. ద్రవంలో కొంచెం ఐసోప్రొపనాల్ కలిపినా సాయం చేస్తుంది.

కొన్ని రోజులకే నిరోధం పెరిగింది

పీఎస్ఎస్ తేమను పీల్చుకుని ఉబ్బుతుంది. పొరను మళ్లీ వేడి చేసి కొలవండి. నిరోధం పాత విలువకు వస్తే తేమే కారణం, పొరను మూసి సీలు చేయండి. రాకపోతే అది ఏ క్షారానికో తగిలి ఉండొచ్చు.